అంటదు, పక్కనే కూర్చోండి

ముందు ఒక్కటే మచ్చ వస్తుంది. పొట్ట మీదో, ఛాతీ పక్కనో, తొడ పైభాగానో. రూపాయి బిళ్ల కంటే కాస్త పెద్దగా, గుడ్డు ఆకారంలో, అంచు ఎర్రగా, లోపలి వైపు సన్నటి పొట్టుతో. దురద కొందరికి ఉంటుంది, కొందరికి ఉండదు. చూసినవాళ్లంతా తామరే అంటారు. మెడికల్ షాపులో చెప్తే ట్యూబు చేతిలో పెడతారు. నాలుగు రోజులు రాసినా మచ్చ కదలదు. వారమో రెండు వారాలో గడిచేసరికి ఛాతీ, వీపు, భుజాలు, తొడలు, ఇంచుమించు బట్ట కప్పినంత మేరా చిన్న చిన్న మచ్చలు పొడుచుకొస్తాయి. ముఖం మీద మాత్రం సాధారణంగా ఏమీ ఉండదు. అందుకే ఈ సంగతి చాలా రోజులు చొక్కా చాటునే, జాకెట్టు చాటునే ఉండిపోతుంది.

దాగినన్నాళ్లూ గొడవ లేదు. ఇంట్లో ఒకరి కంట పడ్డాకే అసలు కథ. తువ్వాలు వేరవుతుంది, పక్క వేరవుతుంది. చంటిపిల్లను ఎత్తుకోబోతే పెద్దామె చెయ్యి అడ్డం వస్తుంది. “ఏమనుకోకు బిడ్డా, అది తగ్గెదాంక జర ఎడంగుండు” అంటుంది. కోపంతో కాదు, ప్రేమగానే అంటుంది. పక్కింటామె గొంతు తగ్గించి, “ఎవలకన్న జూపెట్టిండ్రా? గది పెద్దరోగమైతే గాదు గదా” అని అడుగుతుంది. ఇక ఆ రాత్రి ఆ ఇంట్లో ఎవరికీ నిద్ర పట్టదు.

పెద్దరోగం కాదు. తామర కూడా కాదు. దీని పేరు పిటిరియాసిస్ రోజియా. కమీల్ జిబేర్ అనే ఫ్రెంచ్ చర్మవైద్యుడు 1860లో దీన్ని వర్ణించి ఈ పేరు పెట్టాడు. ముందొచ్చే పెద్దదాన్ని తల్లి మచ్చ అంటారు. తర్వాత వచ్చే పిల్ల మచ్చలు పక్కటెముకల వాలు వెంట బారులు తీరతాయి. వీపు వైపు నుంచి చూస్తే వేపమండ అతికించినట్టు ఉంటుంది. అనుభవమున్న డాక్టరు చొక్కా ఎత్తించి ఆ వరస చూడగానే చాలాసార్లు జబ్బు పేరు చెప్పేస్తాడు. పదేళ్ల నుంచి ముప్పై అయిదేళ్ల మధ్య వయసువాళ్లలో ఎక్కువ. ఎందుకొస్తుందన్నది పూర్తిగా తేలలేదు. చిన్నప్పుడే దాదాపు అందరి ఒంట్లోకీ చేరి నిద్రపోయే హెర్పిస్ కుటుంబపు వైరస్‌లు రెండు, ఆరో రకం, ఏడో రకం, మళ్లీ కదిలినప్పుడు వస్తుందని ఎక్కువమంది వైద్యులు నమ్ముతున్నారు. అంటే పక్కవాళ్ల నుంచి మనకు కొత్తగా అంటుకునేది కాదు, మన నుంచి పక్కవాళ్లకు పాకేదీ కాదు. ఆరు నుంచి ఎనిమిది వారాలకు దానంతట అదే పోతుంది. కొందరికి మూడు నెలలు పట్టొచ్చు. ఒకసారి పోతే మళ్లీ రావడం అరుదు.

మందు చాలామందికి అక్కర్లేదు. వేడివేడి నీళ్లు పోసుకోవడం, సబ్బుతో గట్టిగా రుద్దడం మానేయాలి. కొబ్బరినూనె, దురదకు కాలమైన్ చాలు. రెండు మినహాయింపులు మాత్రం గుర్తుంచుకోవాలి. గర్భిణులకు, ముఖ్యంగా మొదటి నెలల్లో వస్తే వెంటనే డాక్టరుకు చూపించాలి. అరచేతుల్లో, అరికాళ్లలో కూడా మచ్చలుంటే రక్తపరీక్ష చేయించాలి. సిఫిలిస్ కూడా ఇలాంటి వేషమే వేసుకుని వస్తుంది.

కొన్ని వారాల్లో పోయే మచ్చకు ఇంటిల్లిపాదీ ఎందుకింత వణుకుతారు? జవాబు ఆ మచ్చలో లేదు. దాని చుట్టూ ఉన్న ఊళ్లో ఉంది.

అడవి, చేను, మగ్గం

ఆ ఊరు మహదేవపూర్ అనుకోండి. బయటివాళ్లకు అది కాళేశ్వరం దారి, మేడిగడ్డ బరాజు. ఒకప్పుడు కరీంనగర్ జిల్లాకు తూర్పు కొసన ఉన్న మండలం. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక భూపాలపల్లి వైపు వచ్చింది. ఒక పక్క గోదావరి, అవతలి ఒడ్డున మహారాష్ట్రలోని సిరొంచ, మిగతా చుట్టూ అడవి. పత్తి, మిరప, వరి పండుతాయి. ఊళ్లో టస్సర్ మగ్గాలు ఆడతాయి. టస్సర్‌కు, అంటే దసలి పట్టుకు పేరున్న చోటు ఇది. ఇక్కడ ఏ పనికి పోయినా ముందు దెబ్బ తినేది చర్మమే.

టస్సర్ సంగతే తీసుకుందాం. నల్లమద్ది చెట్ల మీద పెరిగే పురుగు గట్టి గూడు కడుతుంది. దాన్ని సోడా నీళ్లలో ఉడికిస్తే గానీ దారం లేవదు. ఆ నీళ్లలో నానిన వేళ్ల సందులు పగిలి మండుతాయి. టస్సర్ తీసే చాలా రాష్ట్రాల్లో ఆడవాళ్లు తొడ మీద రుద్దుతూ దారానికి పురి పెట్టడం తరాల నుంచీ ఉంది. ఏళ్ల తరబడి రాపిడికి ఆ చోట చర్మం ఒరుసుకుపోయి, నల్లబడి, మొద్దుబారుతుంది. ఆ బాధ తప్పించడానికే కేంద్ర పట్టు మండలి ‘బునియాద్’ యంత్రాలను తెచ్చింది. ఆ నల్లటి మచ్చను చూసి మాత్రం ఎవరూ వెనక్కి జరగరు. పనివల్ల వచ్చిందని అందరికీ తెలుసు. తెలియని మచ్చలతోనే పేచీ.

అడవిలోకి పోయేవాళ్లకు నల్లజీడి ఉంది. దిష్టి తగలకుండా పిల్లల మొలతాడుకు కట్టే జీడిగింజ ఆ చెట్టుదే. చాకిరేవులో బట్టలకు గుర్తులు పెట్టిన నల్లటి సొన కూడా దానిదే. ఆ సొన తగిలితే మర్నాటికో, ఆ మర్నాటికో చర్మం ఎర్రబడి, ఉబ్బి, నీటి బొబ్బలు లేస్తాయి. బొబ్బలు ఒకేసారి కాకుండా రోజుకు కొన్ని చొప్పున లేస్తుంటే ‘పాకుతోంది’ అనుకుంటారు. బొబ్బలోని నీరు తగిలినవాళ్లకు కూడా వస్తుందని దూరం పెడతారు. నిజానికి ఆ నీటిలో సొన ఉండదు. సొన ఎక్కువ తగిలిన చోట ముందు, తక్కువ తగిలిన చోట తర్వాత లేస్తుంది, అంతే. సొన అంటిన బట్టను, కత్తిని, తాడును కడక్కుండా ఇంకొకరు పట్టుకుంటే మాత్రం వాళ్లకూ వస్తుంది. అక్కడ కడగాల్సింది కత్తిని, దూరం పెట్టాల్సింది మనిషిని కాదు.

ఇక వయ్యారిభామ. అంత అందమైన పేరు ఈ పాడు మొక్కకు ఎవరు పెట్టారో! కాంగ్రెస్ గడ్డి అని కూడా అంటారు. అమెరికా ఖండం మొక్క. 1950ల మధ్యలో పుణె దగ్గర కనబడిందని రికార్డులు. ఇప్పుడు పొలం గట్టు మీద, బడి వెనక, బస్టాండు పక్కన ఎక్కడ చూసినా అదే. దాని పూల పొడి, ఎండిన ఆకు పొడి గాలిలో తేలి వచ్చి కనురెప్పల మీద, మెడ మీద, చొక్కా గుండీ విప్పి ఉన్న చోట, మోచేతి మడతల్లో కూర్చుంటుంది. కొందరి ఒంటికి అది పడదు. ముందు దురద, తర్వాత రసి, ఏళ్లు గడిచేకొద్దీ చర్మం దళసరెక్కి, గీతలు పడి, ముఖం నల్లగా మారుతుంది. ఎక్కువగా నలభై దాటిన మగ రైతులు. ఆ ముఖం చూసి హోటల్లో పక్క బెంచీ ఖాళీ చేసేవాళ్లున్నారు. పెళ్లి బంతిలో పక్కన కూర్చోబోయినవాళ్లు పని గుర్తొచ్చినట్టు లేచిపోతారు. రైతుకు ఏ పురుగూ సోకలేదు. అతని చేనుకు కలుపు సోకింది. చేతులకు తొడుగు, ముఖానికి తువ్వాలు, పూత రాకముందే మొక్క పీకేయడం, ఇంటికి రాగానే స్నానం: వైద్యం ఇక్కడ మొదలవుతుంది. మందు ఆ తర్వాత.

భయానికి పాత చిరునామా

ఈ భయాలన్నీ తవ్వుకుంటూ పోతే అడుగున ఒకే జబ్బు తగులుతుంది. కుష్ఠు. ఊళ్లలో ఆ పేరు పలకకుండా పెద్దరోగం అనే అనేవాళ్లు, ఇప్పటికీ అంటారు. మచ్చ అంటే చాలు, మనసు ముందు అటే పరిగెత్తుతుంది. అది మన తప్పు ఒక్కటే కాదు. 1898లో బ్రిటిష్ ప్రభుత్వం కుష్ఠు రోగులను పట్టి ఆశ్రమాల్లో విడిగా ఉంచేందుకు ఏకంగా చట్టమే చేసింది. అది పూర్తిగా రద్దయింది 2016లో. జీవిత భాగస్వామికి కుష్ఠు ఉంటే విడాకులు కోరవచ్చన్న నిబంధన వివాహ చట్టాల్లోంచి పోయింది 2019లో. రోగానికి మందు దొరికి దశాబ్దాలైనా కాగితం మీద వెలి అన్నాళ్లు బతికింది. ఇంక ఊరి పెద్దామెను ఏమనగలం?

మన నేల మీద ఈ రోగంతో తలపడిన చరిత్ర కూడా తక్కువేం కాదు. నిజామాబాద్ జిల్లా డిచ్‌పల్లిలో స్కాట్లాండు నుంచి వచ్చిన వైద్యురాలు ఇసబెల్ కెర్ 1915లో కుష్ఠు ఆసుపత్రిని నిలబెట్టింది. దానికి డబ్బిచ్చినవాళ్లలో రాజా నర్సాగౌడ్ ముందుంటారు. అప్పట్లో ఉన్న మందు చాల్‌మోగ్రా జాతి గింజల నూనె, సూదితో ఎక్కించేవాళ్లు. నొప్పి భరించలేనంత. అయినా జనం నడిచి, బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లంటే వైద్యం ఒక్కటే కారణం కాదనిపిస్తుంది. తమను తాకే మనుషులు అక్కడ ఉన్నారు.

మహదేవపూర్‌కు ఇంకా దగ్గరి బంధమున్న కథ ప్రాణహిత ఎగువన ఉంది. కాళేశ్వరంలో గోదావరిలో కలిసే ఆ నదిలోకి వార్ధా నది నీళ్లూ వస్తాయి. ఆ వార్ధా పరీవాహకంలోనే సేవాగ్రామ్ ఉంది. 1940 ప్రాంతంలో గాంధీజీ అక్కడ పర్చురే శాస్త్రి అనే సంస్కృత పండితుడిని తన కుటీరం పక్కనే ఉంచుకుని, కుష్ఠు పుండ్లను స్వయంగా కడిగి, ఒళ్లు మర్దన చేశారు. ఇంకాస్త కిందకు వస్తే చంద్రపూర్ జిల్లాలో వరోరా. మురళీధర్ దేవీదాస్ ఆమ్టే అనే లాయరు, మనం బాబా ఆమ్టే అని పిలుచుకునే ఆయన, ఒక వానరోజు దారి పక్కన వేళ్లు ఊడిపోయి, పుండ్లలో పురుగులు పట్టిన తులసీరామ్ అనే మనిషిని చూసి పారిపోయారు. దేనికీ భయపడనని పేరున్న తాను ఒక రోగిని చూసి పరిగెత్తానన్న సిగ్గు ఆయన్ను వదల్లేదు. వెనక్కి వచ్చి ఆ మనిషికి సేవ చేశారు. కలకత్తాలోని ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో శిక్షణకు వెళ్లి, పరిశోధన కోసం కుష్ఠు క్రిములను తన ఒంట్లోకి ఎక్కించమని చెయ్యి చాపారు. ఎక్కించారు. రోగం రాలేదు. 1949లో ఆనందవన్ మొదలుపెట్టారు. 1973లో గడ్చిరోలి అడవుల్లో, మన సిరొంచ అవతలి భామరాగఢ్ ప్రాంతంలోని హేమల్‌కసలో లోక్ బిరాదరీ ప్రకల్ప్ ఏర్పాటు చేశారు. ఆయన కొడుకు ప్రకాశ్, కోడలు మందాకిని అక్కడ మాడియా గోండుల మధ్య ఆసుపత్రి నడిపారు.

బాబా ఆమ్టేకు రోగం ఎందుకు రాలేదు? ఆయన మహాత్ముడు కాబట్టి కాదు. నార్వే వైద్యుడు హాన్సెన్ 1873లో కనిపెట్టిన ఈ క్రిమి చాలా మందకొడిది. నూటికి 95 మంది శరీరాలు దాన్ని పుట్టుకతో వచ్చిన శక్తితోనే తరిమేస్తాయి. చికిత్స తీసుకోని రోగితో నెలలు, ఏళ్లు దగ్గరగా మసలితే తప్ప సోకదు. చెయ్యి కలిపితే, ఒక బస్సు సీట్లో కూర్చుంటే, ఒక కంచంలో తింటే రాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన బహుళ ఔషధ చికిత్సను మన దేశం 1983 నుంచి అమలు చేస్తోంది. మచ్చలు అయిదు దాకా ఉంటే ఆరు నెలలు, అంతకు మించితే పన్నెండు నెలలు. మొదటి మోతాదు రిఫాంపిసిన్‌తోనే క్రిముల్లో 99 శాతానికి పైగా చచ్చిపోతాయి. మందు మింగుతున్న మనిషి నుంచి ఇంకొకరికి రాదు. పెద్దరోగానికే ఎడం అక్కర్లేనప్పుడు చిన్న మచ్చలకు ఎడం ఎందుకో చెప్పండి.

అలాగని కుష్ఠు పోయిందనుకోవద్దు. 2005 చివర్లో దేశం మొత్తం మీద పదివేల మందికి ఒకటి కంటే తక్కువకు దిగిందని ప్రకటించారు. ఆ ప్రకటన విని చాలామంది కథ ముగిసిందనుకున్నారు. 2023లో ప్రపంచమంతటా కొత్తగా బయటపడిన సుమారు 1.83 లక్షల కేసుల్లో దాదాపు 1.08 లక్షలు మన దేశంలోనివే. దాచుకోవడం వల్లే అది బతుకుతోంది. ఆ దాపరికాన్ని పెంచుతున్నది మన భయమే.

దూది పోచ, బాల్‌పెన్ను

కుష్ఠు మచ్చను మిగతావాటి నుంచి విడదీయడానికి పెద్ద యంత్రాలు అక్కర్లేదు. ఆసుపత్రిలో ఏం చేస్తారో చూడండి. దూదిని పోచలా సన్నగా లాగుతారు, లేదా బాల్‌పెన్ను మొన తీసుకుంటారు. ముందు కళ్లు తెరిచి ఉండగా మంచి చర్మం మీద ఆనించి, తాకిన చోట వేలు పెట్టి చూపించమంటారు. అర్థమయ్యాక కళ్లు మూయిస్తారు. మంచి చోట తాకితే రోగి వేలు టక్కున అక్కడికే పోతుంది. మచ్చ నడుమ తాకితే? బొల్లి అయినా, తల్లి మచ్చ అయినా, సోరియాసిస్ అయినా వేలు తప్పదు. కుష్ఠు మచ్చ అయితే వేలు గాల్లోనే ఆగిపోవచ్చు. మచ్చ మీద చెమట పట్టదు, వెంట్రుకలు పలచబడతాయి, దురద ఉండదు. మోచేయి వెనక, మోకాలి పక్క నరాలు తాడులా తగులుతున్నాయేమో కూడా తడిమి చూస్తారు. ముఖం మీది మచ్చల్లో ఒక్కోసారి స్పర్శ పోకపోవచ్చు కాబట్టి ఇంట్లోనే తేల్చేసుకోకుండా ఆరోగ్య కేంద్రంలోనే చూపించుకోవాలి. ఇంకో గుర్తు: కుష్ఠు మచ్చ రంగు తగ్గుతుందే గానీ పాలలా తెల్లబడదు. పాల తెలుపు కనబడితే అది దాదాపుగా బొల్లే.

చేపా పాలూ కలిపి తిన్నారా?

బొల్లి వచ్చిన మనిషి జీవితంలో ఎక్కువసార్లు వినే ప్రశ్న ఇదేనేమో. చేపల కూర తిన్న రోజు పెరుగు ముట్టని ఇళ్లు గోదావరి ఒడ్డున ఎన్ని లేవు! పులుపు వద్దు, వంకాయ వద్దు అనేవాళ్లు వేరే. చేపను పాలతోనో పెరుగుతోనో వండుకునే ప్రాంతాలు దేశంలోనూ బయటా ఉన్నాయి, వాళ్లందరికీ తెల్లమచ్చలు రాలేదు. బొల్లి తిండితో రాదు. ఒంట్లోని రక్షణ వ్యవస్థ పొరబడి, చర్మానికి రంగునిచ్చే మెలనోసైట్ కణాల మీదే దాడి చేయడం వల్ల వస్తుంది. ప్రపంచ జనాభాలో సుమారు నూటికి ఒకరికి ఉంటుందని అంచనా. తాకితే రాదు, రక్తం కలిసినా రాదు, కాపురం చేసినా రాదు. కొన్ని కుటుంబాల్లో వచ్చే అవకాశం కాస్త ఎక్కువే గానీ బొల్లి ఉన్న తల్లిదండ్రుల పిల్లల్లో ఎక్కువమందికి రానే రాదు.

పాతకాలం వైద్యులు కూడా దీన్ని కుష్ఠు పక్కనే కూర్చోబెట్టారు. చరక సంహితలో కుష్ఠ చికిత్స చెప్పిన అధ్యాయంలోనే శ్విత్రం, అంటే తెల్లమచ్చల సంగతీ వస్తుంది. వేల ఏళ్ల ఆ పొరుగు సంబంధం జనం మనసులో ఇంకా తెగలేదు.

తెగకపోవడం వల్ల దెబ్బ తినేది ముఖ్యంగా ఆడపిల్లలు. “పిల్ల బంగారమే వదినా, గనీ చేతికేదో తెల్లగున్నదట గదా” అన్న ఒక్క మాటతో సంబంధం పోతుంది. పోయేది ఆ పిల్ల సంబంధం ఒక్కటే కాదు. చెల్లెలికీ అడ్డమే, తమ్ముడికీ అడ్డమే. అందుకే ఇంటివాళ్లు మచ్చ ఉన్న పిల్లకు మండు వేసవిలో నిండు చేతుల జాకెట్టు తొడుగుతారు. పెళ్లయ్యాక బయటపడితే మోసం చేశారంటారు. మగవాడికి బొల్లి ఉంటే మాత్రం “ఉద్యోగమున్నది గదా” అని సర్దుకుంటారు. ఒకే మచ్చకు రెండు ధరలు.

‘యమదొంగ’ సినిమాలో మనకు కనబడిన, తెలుగులో పాటలూ పాడిన నటి మమతా మోహన్‌దాస్ 2023 జనవరిలో తనకు బొల్లి వచ్చిందని తన ఫొటోలతోనే చెప్పారు. అంతకు ముప్పై ఏళ్ల కిందట, 1993లో, మైకేల్ జాక్సన్ టీవీ ఇంటర్వ్యూలో తన చర్మం రంగు మారింది ఈ జబ్బు వల్లేనని చెప్తే లోకం సగం నమ్మలేదు. ఆయన చనిపోయిన జూన్ 25నే ఇప్పుడు ప్రపంచ బొల్లి దినంగా పాటిస్తున్నారు.

వైద్యం లేదన్న మాట కూడా పాతదే. పూతమందులు, అతినీలలోహిత కాంతి చికిత్స, మచ్చలు కదలకుండా స్థిరపడ్డాక చర్మం మార్పిడి ఉన్నాయి. 2022లో అమెరికా రుక్సోలిటినిబ్ అనే పూతమందుకు అనుమతిచ్చింది. ముఖం మీది మచ్చలకు రంగు త్వరగా తిరిగొస్తుంది, వేళ్ల కొసలకు, పెదాలకు కష్టం. ఇంట్లో చేయగలిగిందీ ఉంది. బొల్లి ఉన్నవాళ్లకు చర్మం ఒరుసుకున్న చోట కొత్త మచ్చ లేవొచ్చు. లంగా నాడా బిగించే నడుము, గాజులు రాసుకునే మణికట్టు, చెప్పుల పట్టీ తాకే పాదం. నాడా వదులు చేయడం కూడా వైద్యమే. నుదుటి మీద సరిగ్గా బొట్టు బిళ్ల మేరకే తెల్లబడితే అది చాలాసార్లు బిళ్ల వెనకున్న జిగురు రసాయనం పని. బిళ్ల మాని కుంకుమకు మారితే పాకడం ఆగొచ్చు.

సోరియాసిస్‌దీ ఇంచుమించు ఇదే బాధ. మామూలుగా నాలుగు వారాలు పట్టే చర్మకణాల రాకపోకలు ఇందులో నాలుగైదు రోజుల్లో జరిగిపోయి, పొలుసులు పేరుకుంటాయి. మోచేతులు, మోకాళ్లు, తల. చలికాలంలో ఎక్కువ. తల నుంచి రాలే పొట్టు చూసి మంగలి షాపులో దువ్వెన పక్కన పడేస్తారు. 2014లో ప్రపంచ ఆరోగ్య సభ ఇది అంటువ్యాధి కాదని తీర్మానంలోనే రాసింది. షాపు గోడకు అంటించదగ్గ తీర్మానం అది. పిల్లల బుగ్గల మీద పాలిపోయిన మచ్చలకు తల్లులు నులిపురుగుల మందు తాగిస్తారు. ఆ మందు ఏడాదికి రెండుసార్లు బడిలో ఇచ్చేదే, మంచిదే, కానీ ఆ మచ్చలు పొడి చర్మం వల్ల వచ్చేవి. వీపు మీద లేచే శోభి మచ్చలు మనందరి చర్మం మీదా కాపురముండే ఈస్టు చెమట కాలంలో రెచ్చిపోతే వచ్చేవి. దాన్ని ఒకరి నుంచి ఒకరు తెచ్చుకోనక్కర్లేదు, అందరి దగ్గరా ముందే ఉంది.

నిజంగా అంటేవాటిని ముద్దు చేస్తున్నాం

ఇక్కడే నాకు మన తీరు వింతగా తోస్తుంది. అంటని బొల్లికి దూరం జరిగే మనం, అంటుకునే గజ్జిని, తామరను చుట్టాల్లా చూస్తాం. “హాస్టల్‌ల ఉంటే గజ్జి రాక ఏమొస్తది” అని నవ్వేస్తాం. గజ్జి కంటికి ఆనని పురుగు. చర్మంలో సొరంగం తవ్వి గుడ్లు పెడుతుంది. రాత్రిళ్లు దురద, వేళ్ల సందుల్లో, మణికట్టు దగ్గర, నడుము చుట్టూ. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2017లో దీన్ని నిర్లక్ష్యానికి గురైన ఉష్ణమండల వ్యాధుల్లో చేర్చింది. వైద్యం ఖరీదైంది కాదు. పెర్మెత్రిన్ మందును మెడ నుంచి అరికాలి దాకా రాసి రాత్రంతా ఉంచాలి, వారానికి మళ్లీ రాయాలి. అసలు కిటుకు ఏమిటంటే దురద ఉన్నా లేకున్నా ఇంట్లో అందరూ ఒకే రాత్రి రాసుకోవాలి. దుప్పట్లు, బట్టలు మరిగే నీళ్లలో ఉతికి ఎండకు ఆరేయాలి. ఒక్కడికే రాస్తే పురుగు పక్కవాడి ఒంట్లో తలదాచుకుని పది రోజుల్లో తిరిగొస్తుంది. హాస్టళ్లలో గజ్జి పోనిది మందు లేక కాదు, అందరికీ ఒకేసారి రాయక.

తామర కథ ఇంకా చెడింది. దురద తగ్గాలని అడిగితే షాపువాళ్లిచ్చే మిశ్రమం ట్యూబుల్లో ఫంగస్ మందుతో పాటు గట్టి స్టెరాయిడ్ ఉంటుంది. రెండు రోజుల్లో దురద మాయం, ఎరుపు మాయం. ఫంగస్ మాత్రం చల్లగా లోపల పెరుగుతుంది. మానేసిన వారానికి రెట్టింపు వస్తుంది. మళ్లీ అదే ట్యూబు. కొన్నాళ్లకు గజ్జల్లో చర్మం పలచబడి చారలు పడుతుంది. మామూలు తామర మందుకు లొంగని కొత్త ఫంగస్ ఒకటి ఇక్కడ అలా బలిసింది. 2020లో దానికి శాస్త్రవేత్తలు పెట్టిన పేరులోనే మన దేశం ఉంది: ట్రైకోఫైటాన్ ఇండోటినియే. స్టెరాయిడ్ పూతమందులను డాక్టరు చీటీ లేకుండా అమ్మరాదని 2018లో కేంద్రం నిబంధన తెచ్చింది. ఏ ఊరి షాపుకైనా పోయి అడిగి చూడండి, చీటీ ఎవరడుగుతారో!

ఆ ట్యూబే తల్లి మచ్చకూ రాస్తారు, కుష్ఠు మచ్చకూ రాస్తారు, వయ్యారిభామ దురదకూ రాస్తారు. అన్ని మచ్చల రూపమూ చెడగొడుతుంది. ఆ తర్వాత చూసే డాక్టరుకు ఏది ఏదో పోల్చుకోవడం కష్టం. డాక్టరు దగ్గరికి పోయేటప్పుడు అప్పటిదాకా రాసిన ట్యూబులన్నీ సంచిలో వేసుకుపోవాలి. చాలామంది సిగ్గుపడి ఇంట్లో వదిలేస్తారు. ఆ సంచి సగం రోగ నిర్ధారణ చేస్తుంది.

ఎక్కడికి పోవాలి?

మొన్నమొన్నటి దాకా ఈ ప్రాంతం వాళ్లకు పెద్దాసుపత్రి అంటే వరంగల్ ఎంజీఎమ్మే. పొద్దున బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. చర్మ జబ్బుకు కూలి పోగొట్టుకోవడమెందుకని ఊరుకునేవాళ్లు, మెడికల్ షాపుతో సరిపెట్టుకునేవాళ్లు. 2023 సెప్టెంబరులో భూపాలపల్లిలో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైంది. మచ్చ ఏదో తేల్చే మొదటి మెట్టుకు అంతదూరం కూడా పోనక్కర్లేదు. స్పర్శ పరీక్షకు దూది పోచ ఉంటే చాలు, మహదేవపూర్ ప్రభుత్వాసుపత్రిలో దానికి లోటు లేదు. ఆశా కార్యకర్త ఇంటింటికీ మచ్చల సర్వేకు వచ్చినప్పుడు “మా ఇంట్ల అసొంటియేం లెవ్వు” అని గుమ్మంలోనే పంపేయకండి. చొక్కా తీసి వీపు చూపించడానికి ఆమె ముందు సిగ్గైతే ఆసుపత్రిలో మగ వైద్య సిబ్బందినే అడగొచ్చు.

టీచర్లకు ఒక మాట. పిల్లాడి ముఖం మీదో చేతి మీదో మచ్చ కనబడగానే వెనక బెంచీకి పంపడం, ‘తగ్గాక రా’ అని ఇంటికి పంపడం చేయకండి. గజ్జికి కూడా మొదటి రాత్రి మందు రాసుకున్నాక మర్నాడు బడికి రావచ్చు. మిగతా మచ్చలకు ఆ ఒక్క రోజు సెలవు కూడా అక్కర్లేదు.

పెళ్లి పెద్దలకూ ఒకటి. బొల్లి ఉన్న పిల్లను కాదనుకోవడం మీ ఇష్టం, కానీ “అంటుకుంటది” అన్న అబద్ధం ఆ పిల్ల మీద వేసి పోకండి.

మచ్చ మీ ఒంటి మీద ఉన్నా, మీ ఇంట్లోవాళ్ల ఒంటి మీద ఉన్నా పట్టపగలు తీసుకెళ్లి చూపించండి. కుష్ఠు కాదని తేలితే నిశ్చింతగా ఉండి, డాక్టరు చెప్పినట్టు చేయండి. కుష్ఠు అని తేలితే మందు ప్రభుత్వమే ఇస్తుంది. ఆరు నెలలో, ఏడాదో వాడితే నయమవుతుంది, ఖర్చు ఒక్క రూపాయి ఉండదు.